మేళాలో కొన్న మట్టిపాత్ర ఏ ప్రాంతానిదో గుర్తుపట్టడం ఎలా?

మేళాల్లో, పాత సామాన్ల అమ్మకాల్లో మట్టిపాత్ర నచ్చి చేతిలోకి తీసుకుంటే, ముందు దాన్ని బోర్లించి చూడండి. పైనున్న పువ్వులూ రంగులూ ఎవరైనా అనుకరించగలరు. అసలు మట్టి బయటపడేది అడుగున, గ్లేజ్ (గాజులా మెరిసే పైపూత) అంటని అంచు దగ్గరే. ఇనుము ఎక్కువున్న మట్టి, గాలి బాగా ఆడే బట్టీలో కాలితే ఎర్రబడుతుంది. గాలి అందకపోతే ముదురు బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది. ఆ అంచుకు తడి వేలు అద్దండి. తడి చప్పున ఇంకిపోతే తక్కువ వేడిలో కాలిన పాత్ర అయ్యుంటుంది. 1200 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిన స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడిన మట్టిపాత్ర) దాదాపు నీరు పీల్చుకోదు.

తిరుగుతున్న సారె మీంచి దారంతో కోసిన పాత్ర అడుగున వేలిముద్రలాంటి వంపు గీతలుంటాయి. అచ్చులో పోసినదానికి పక్కల సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. అడుగున తయారీదారుల ముద్ర అరిగిపోయి ఉంటే ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగా వేయండి, అక్షరాలు తేలతాయి. అమెరికాకు దిగుమతయ్యే వస్తువులపై దేశం పేరుండాలని 1890లో అక్కడ చట్టం చేశారు, కాబట్టి దేశం పేరున్న ముద్ర కాలాన్ని అంచనా వేయడానికీ పనికొస్తుంది. పేరు లేనంత మాత్రాన పాతదని నమ్మేయకండి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అమ్మేవాళ్లు చెప్పే సమాచారం. ఎవరింటిది, ఎక్కడ కొన్నారు అని అడిగి అప్పటికప్పుడే రాసుకోండి. పాత గ్లేజుల్లో సీసం ఉండొచ్చు, వాటిలో తినడం, తాగడం వద్దు.