ఆటగాడు దేశాన్ని ఎంచుకోవడం ద్రోహమైతే, దేశం ఆటగాణ్ణి పక్కన పెట్టడాన్ని ఏమనాలి?

చిన్ననాటి నుంచి శిక్షణ ఇచ్చిన దేశాన్ని కాదని, తల్లి తరఫునో తండ్రి తరఫునో పౌరసత్వం వచ్చిన మరో దేశానికి ఆడే క్రీడాకారుణ్ణి కృతఘ్నుడు అనకూడదా అని ఇక్కడ అడిగారు. అనకూడదన్నదే నా సమాధానం. ఈ చర్చ ఎప్పుడు జరిగినా, ఎంచుకునేది ఆటగాడొక్కడే అన్నట్టు మాట్లాడతారు. నిజానికి దేశం పేరిట క్రీడా సమాఖ్యలూ సెలక్టర్లూ అతని కంటే ముందే, అతని కంటే ఎక్కువసార్లు ఎంచుకుంటారు, కాదంటారు. వాళ్లు కాదన్నప్పుడు దానికి ద్రోహమని ఎవరూ పేరు పెట్టరు. ఇది మా కుటుంబంలోనే చూసిన సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా అక్కది ఒక దేశపు పౌరసత్వం, బావగారిది మరొక దేశపు పౌరసత్వం. వాళ్ల అబ్బాయికి పుట్టుకతోనే రెండూ వచ్చాయి. వాడు పుట్టి పెరిగింది బావగారి దేశంలో. ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవాడు, ఆ దేశపు జూనియర్ జట్టు శిక్షణ శిబిరాలకు ఏటా పిలుపు అందుకునేవాడు. పదహారేళ్లు నిండిన ఏడాది, ఒక టోర్నమెంటుకు ముందు, తుది జట్టు జాబితాను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వాడు ఆ జాబితాను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివి, రిజర్వు ఆటగాళ్ల పేర్లు రెండో పేజీలో ఉన్నాయేమోనని ఫైలు మూసి మళ్లీ తెరిచి చూశాడు. రెండో పేజీ లేదు. మర్నాడు కోచ్ నుంచి వచ్చిన సందేశంలో, శరీరం ఇంకా ఎదగాలి, శుభాకాంక్షలు అని తప్ప మరేమీ లేదు. వచ్చే ఏడాదైనా పరిశీలిస్తారా అని బావగారు మర్యాదగా రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు.

కొన్ని నెలల తరువాత, అక్క దేశపు జూనియర్ జట్టు కోచ్ ఒక క్లబ్ మ్యాచ్‌లో వీణ్ణి చూసి, ఇంటికి వచ్చి మాట్లాడారు. ఆయన వెళ్లిపోయాక వాడు నాతో అన్న మొదటి మాట, "మామయ్యా, నాకు ఏ స్థానంలో ఆడటం ఇష్టమో ఆయన నన్నే అడిగారు" అని. వాడు ఒప్పుకున్నాడు. ఆ వార్త తెలియగానే అదే వాట్సాప్ గ్రూపులో ఒక సహచరుడి తండ్రి, ప్రజాధనంతో తయారైన పిల్లవాడు పరాయి జెండా కింద ఆడబోతున్నాడని, ఇది ద్రోహమని రాశారు. అక్క ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చింది: "జాబితాలో లేని పిల్లవాడు ఏ జట్టును వదిలి వెళ్లాడో కాస్త చెప్పండి." చెప్పినవారు లేరు. అక్క ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేసింది.

పెద్ద స్థాయిలో కూడా జరిగేది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. బ్రెజిల్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో కోస్టాను 2013 మార్చిలో బ్రెజిల్ రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌గా దింపింది. ఆ ఏడాది సొంతగడ్డపై జరిగిన కాన్ఫెడరేషన్స్ కప్ జట్టులో మాత్రం అతనికి చోటు ఇవ్వలేదు. స్పెయిన్ పౌరసత్వం కూడా ఉన్న కోస్టాపై ఆ దేశం ఆసక్తి చూపాకే బ్రెజిల్‌కు అతను మళ్లీ గుర్తుకు వచ్చాడు. అతను స్పెయిన్‌నే ఎంచుకున్నప్పుడు, కోట్లాది మంది కలకు వీపు చూపించాడని బ్రెజిల్ కోచ్ స్కోలారి బహిరంగంగా నిందించారు, బ్రెజిల్‌లోనే జరిగిన 2014 ప్రపంచకప్‌లో బంతి కోస్టా కాలికి తగిలినప్పుడల్లా స్టేడియం గేలి చేసింది. అవసరం లేదనుకున్నంత కాలం ఊరకుండి, వేరొకరు అడిగాక మావాడే అనడాన్ని దేశభక్తి అనడానికి నాకు మనసు ఒప్పదు.

శిక్షణ ఇచ్చిన రుణం సంగతేమిటని అడుగుతారు. ఆ రుణం ఎవరికి ఉందో ముందు తేల్చుకోవాలి. అష్రఫ్ హకీమీ స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మొరాకో నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టి, చిన్నప్పుడే రియల్ మాడ్రిడ్ అకాడమీలో చేరాడు. అతణ్ణి తీర్చిదిద్దింది ఒక క్లబ్బూ, ఇళ్లు శుభ్రం చేస్తూ పెంచిన తల్లీ, వీధుల్లో సరుకులు అమ్మిన తండ్రీ. అతను మొరాకోకు ఆడాడు. 2022 ప్రపంచకప్ ప్రీక్వార్టర్ ఫైనల్లో స్పెయిన్‌పై గెలిపించిన చివరి పెనాల్టీని, గోల్‌కీపర్ పక్కకు దూకుతుండగా, నెమ్మదిగా మధ్యలోకి లేపి గోల్ చేశాడు. ఆనాటి మొరాకో జట్టులోని 26 మందిలో 14 మంది విదేశాల్లో పుట్టినవారే. వాళ్లందరూ కృతఘ్నులైతే ఆ మాటకు అర్థమే మిగలదు.

ఇక్కడ వ్యాఖ్యాతల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇలాంటి ఆటగాడు బంతి అందుకున్న ప్రతిసారీ అతను ఎక్కడ పుట్టాడో, అతని తల్లిదండ్రులు ఎక్కడివారో వల్లించడం వారికి అలవాటైపోయింది. పక్కనే ఆడుతున్న మిగతావారి జన్మస్థలాలు ఎవరికీ అక్కర్లేదు. జర్మనీలో, టర్కీ మూలాలున్న కుటుంబంలో పుట్టి, జర్మనీకి 2014 ప్రపంచకప్ అందించిన జట్టులో ఆడిన మెసుట్ ఓజిల్, 2018లో జాతీయ జట్టు నుంచి తప్పుకుంటూ, గెలిస్తే జర్మన్‌గా, ఓడితే వలసవాడిగా తనను చూస్తున్నారని బాధపడ్డాడు. పుట్టిన దేశాన్నే ఎంచుకున్నవాడికి దక్కిన గౌరవం అది. 2016 యూరో కప్‌లో స్విట్జర్లాండ్‌కు గ్రానిట్ జాకా, అల్బేనియాకు అతని అన్న టాలంట్ జాకా ఎదురెదురుగా ఆడినప్పుడు, వాళ్ల తల్లి సగం ఒక దేశపు రంగు, సగం మరొక దేశపు రంగు ఉన్న చొక్కా వేసుకుని స్టాండ్‌లో కూర్చున్నారు. ఆమెకు అందులో ఏ వైరుధ్యమూ కనిపించలేదు.

నిజంగా కోపం రావలసినది నిబంధనల మీద. స్పెయిన్‌లో పుట్టిన, మొరాకో మూలాలున్న మునీర్ ఎల్ హద్దాదీని 2014 సెప్టెంబరులో మాసిడోనియాతో జరిగిన యూరో అర్హత మ్యాచ్‌లో స్పెయిన్ చివరి 13 నిమిషాలకు దింపింది. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు. అది స్నేహపూర్వక మ్యాచ్ కాక అధికారిక పోటీ మ్యాచ్ కావడంతో అతను స్పెయిన్‌కే కట్టుబడిపోయాడు, స్పెయిన్ సీనియర్ జట్టు మాత్రం అతణ్ణి మళ్లీ ఆడించలేదు. 2018 ప్రపంచకప్‌లో మొరాకో తరఫున ఆడాలని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లినా ఫలితం దక్కలేదు. 2020లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధన సడలించాక, 2021లో గానీ అతను మొరాకో చొక్కా వేసుకోలేకపోయాడు. ఆటగాడి జీవితమే పది పన్నెండేళ్లు. అందులో అన్నేళ్లు ఏ జట్టుకూ కాకుండా పోయాయి.

ఇప్పటి నిబంధన ప్రకారం, సీనియర్ జట్టుకు మొత్తం మూడు మ్యాచ్‌లకు మించకుండా, అవీ 21 ఏళ్లు నిండకముందే ఆడి, ప్రపంచకప్ లేదా ఖండ స్థాయి టోర్నమెంటు ప్రధాన దశలో దిగకుండా ఉన్నవారు, చివరి మ్యాచ్ తరువాత మూడేళ్లు గడిస్తే మరో జట్టుకు మారవచ్చు. తొలి పోటీ మ్యాచ్ నాటికే రెండో పౌరసత్వం ఉండి ఉండాలన్న షరతు కూడా ఉంది. ఒలింపిక్స్‌లోనూ ఒక దేశం తరఫున ఆడాక మారాలంటే సాధారణంగా మూడేళ్ల విరామం తప్పదు. భారతదేశానికి ఆడాలనుకునేవారికైతే ఈ ఎంపికే లేదు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, 2008 నుంచి భారత పాస్‌పోర్టు ఉన్నవారికే జాతీయ జట్టులో ప్రవేశం. అందుకే జపాన్‌లో భారతీయ తండ్రికి పుట్టిన అరాతా ఇజుమి, జపాన్ పౌరసత్వం వదులుకున్న తరువాతే 2013లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడగలిగాడు. ఒక ఆటగాడు దేశం కోసం పాస్‌పోర్టునే వదులుకున్నప్పుడు మనం చూపే గర్వం, అదే పని మరొకరు మరో దేశం కోసం చేసినప్పుడు నిందగా ఎందుకు మారుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారి ఇంట్లో అలాంటి పిల్లలెవరైనా ఉంటే, సీనియర్ జట్టు పిలుపు వచ్చిన రోజున ముందుగా అడగవలసినది ఒకటే: అది స్నేహపూర్వక మ్యాచా, అధికారిక పోటీయా? అధికారిక పోటీ అయితే, పిల్లవాణ్ణి మైదానంలో దింపకముందే, దాని వల్ల రెండో దేశానికి ఆడే అవకాశం ఏమవుతుందో సమాఖ్య చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. రాసివ్వడానికి వెనకాడే సమాఖ్యకు పిల్లవాణ్ణి అప్పగించే ముందు మరోసారి ఆలోచించండి.