కువైట్‌లో మొదటి రోజు: జేబులో దినారు, బుర్రలో రూపాయి

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. కువైట్‌లో బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పనికి వీసా వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. అరబ్బీ రాదు, హిందీ అంతంత మాత్రం. ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు. దిగిన రోజు ఎలా ఉంటుంది? ఏం తెచ్చుకోవాలి? చేతిలో ఎంత డబ్బుండాలి?

జవాబు: తమ్ముడూ, ఆఖర్న అడిగావు చూడు, అదే ముందు అడగాల్సింది. భాష గురించి బెంగపడకు. బకాలాలో పనంటే సగం వేలితో చూపిస్తే అయిపోతుంది, మిగతా సగం ఆర్నెల్లలో నాలిక్కి పట్టేస్తుంది. నీ కొంప ముంచేది డబ్బు లెక్క. అదీ మొదటి రోజే.

కాయితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పదో తరగతి పాసవకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది, అంటే పనికెళ్లడానికి సర్కారు అనుమతి కావాలని. ఈమైగ్రేట్ అనే సర్కారు సైటులో ఆ క్లియరెన్సు లేకుండా పనికి వెళ్లనివ్వరు. పది లక్షల బీమా కూడా ఆ దారిలోనే చేస్తారు. రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. నువ్వెంత ఇచ్చావో నేనడగను, నువ్వు చెప్పలేవు. మిగతావన్నీ ఆ సైటులోనే ఉన్నాయి, ఓపిగ్గా చదువుకో.

మాది సఖినేటిపల్లి. 2011లో కోనసీమ రైతులు వరి వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. నువ్వప్పటికి నిక్కర్లలో ఉండుంటావు. ఆ మరుసటి ఏడు వేసవిలో పంటు మీద గోదారి దాటి నరసాపురంలో రైలెక్కాను. మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాను, అంటే నెలకి నాలుగు వేల అయిదొందలు. విమానం గాల్లోకి లేవకముందే నా మీద వడ్డీ నడుస్తోంది. ఇంక ఏ వస్తువు చూసినా నాకు ఆ వడ్డీయే కనపడేది.

కువైట్‌లో దిగేసరికి తెల్లారుతోంది. తీసుకెళ్లాల్సిన మనిషి రాడు. ఎంత చూసినా రాడు. గొంతు పిడచకట్టుకుపోయింది. ఎదురుగా కొట్టులో చిన్న నీళ్ల సీసా మీద 0.250 అని వేసి ఉంది. దినారుకి వెయ్యి ఫిల్సులు కదా, 250 అంటే పావు దినారు. అప్పట్లో దినారు 190 రూపాయల చుట్టుపక్కల ఉండేది. నలభై ఏడు రూపాయలు! ఇంటి దగ్గర కాయ అయిదు రూపాయలకి అడుగుతుంటే, గుక్కెడు నీళ్లకి తొమ్మిది కొబ్బరికాయలు పొయ్యాలా అనిపించింది. కొనలేదు.

ఎట్టకేలకు ఆ మనిషొచ్చి ఫర్వానియాలో గదికి చేర్చాడు. స్నానం చేద్దామని కుళాయి తిప్పితే మేడ మీద ట్యాంకు నీళ్లు పొగలు కక్కుతూ దిగాయి. గదిలో పాలకొల్లు వైపు పెద్దాయన ఒకాయన ఉండేవారు. గీజరు కట్టేసే ఉంది, వేడినీళ్ల కుళాయి తిప్పమన్నారు. వెటకారం అనుకున్నాను. కాదు. కట్టేసిన గీజరులో నీళ్లు నీడపట్టున నిలవుండి చల్లబడతాయి, ఇక్కడ వేసవంతా స్నానం వేడినీళ్ల కుళాయి కిందే. ఈ కిటుకు నీకు ఊరికే దొరికింది, దాచుకో.

భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాను. తింటే మెస్సు డబ్బు వంతు ఇమ్మంటారేమోనని. సాయంత్రానికి కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. పెద్దాయనే కింద బకాలా నుంచి లబన్ తెచ్చి తాగించారు. చిక్కటి మజ్జిగే అది, ఉప్పేసుకుంటే మనింటిదే. "వడ్డీ కట్టేది నువ్వా, నీ శవమా?" అన్నారు. ఆ లబన్ నేను కొననన్న నీళ్ల కంటే చవక.

తేరుకున్నాక బుద్ధి రెండో పక్కకి పొర్లింది. రూపాయల్లో చూస్తే ప్రాణం పోతోంది గదా అని అసలు లెక్క చూడటమే మానేశాను. ఇక్కడ పావు దినారుకీ, అర దినారుకీ కూడా నోట్లున్నాయి. పావు నోటు చేతిలో ఉంటే పావలా బిళ్ల ఉన్నట్టే ఉంటుంది. టీ తెచ్చిన కుర్రాడికి పావు, పెట్టె మోసినవాడికి అర, ఫోను కార్డుకి రెండు దినార్లు. రాత్రి పడుకునే ముందు జేబు తడుముకుంటే గుండె ఆగినంత పనైంది.

అన్నిటికంటే ఆ ఫోనే నా దుంప తెంచింది. అమ్మతో మాట్లాడుతూ జీతం 90 దినార్లని చెప్పేశాను. పక్కనే మావయ్య ఉన్నాడు, పదిహేడు వేలని నోటిలెక్క కట్టేశాడు. మనవాళ్లకి గుణకారం వచ్చినంత వేగంగా తీసివేత రాదు. మెస్సు, గది, ఫోను పోగా ఎంత మిగులుతుందో ఎవరూ అడగలేదు. ఇండియా కువైట్ కంటే రెండున్నర గంటలు ముందు కదా, నేను నిద్ర లేచేసరికి ఊళ్లో అది పాతిక వేలై కూర్చుంది. ఆ వారంలోనే చెల్లెలి ఆడపడుచు పెళ్లికి చేబదులు అడిగారు. నువ్వు మాత్రం "ఇంకా ఖరారు కాలేదమ్మా" అను. వాట్సాప్ వచ్చాక మాటలు చవకయ్యాయి గానీ, చెప్పిన అంకె వెనక్కి రాదు.

బయల్దేరే ముందే రెండు నెలల వడ్డీ అమ్మ చేతిలో పెట్టి రా. మొదటి జీతం నెల నిండాకే, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యం. పైగా మెడికల్, వేలిముద్రలు, ఆకామా (ఇక్కడ ఉండటానికి అనుమతి) అయ్యాక గానీ బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, రాదు. బతాకా లేనిదే నీ పేరు మీద ఇంటికి పైసా పంపలేవు. ఆ సందులో ఎవడో తగులుతాడు, "నాకియ్యి తమ్ముడూ, హుండీలో రేపటికల్లా మీ ఇంట్లో ఉంటాయి, రేటు కూడా ఎక్కువ" అంటాడు. హుండీ అంటే బ్యాంకు లేకుండా చేతులు మార్చి పంపే దొంగదారి. ఇవ్వకు. నేను ఇచ్చిన కథ ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు తలుచుకుంటే రక్తపోటు.

చేతిలో 30 దినార్లుంటే చాలు. ఇరవై నోటు వద్దు, అయిదులూ ఒకట్లూ అడిగి తీసుకో. నోటుకి ఒక పక్క ఇంగ్లీషు అంకెలుంటాయి గానీ, కూరగాయల దగ్గర రేటు తరచుగా అరబ్బీ అంకెల్లోనే రాసి ఉంటుంది. మనకి సున్నాలా కనపడేది వాళ్ల అయిదు. సున్నా అంటే వట్టి చుక్క. ఇంగ్లీషు ఏడులా ఉన్నది ఆరు. వీ అక్షరంలా ఉంటే ఏడు, దాన్నే తిరగేస్తే ఎనిమిది. టమాటా పెట్టె మీద గుండ్రం, పక్కన రెండు చుక్కలుంటే 500 ఫిల్సులన్నమాట. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల పైన విమానంలో కూర్చుంటావు, అరచేతి మీద రాసుకుని నేర్చుకో. సినిమాలు తర్వాత చూద్దువుగాని. కొట్లో నిలబడాల్సినవాడివి, ఈ అంకెలు రాకపోతే చిల్లర తేడా నీ జీతంలోంచే కోస్తారు.

దినారు ఇప్పుడు 270 దాటింది, కాబట్టి రూపాయల్లో చూస్తే నాకంటే నీకే ఎక్కువ భయమేస్తుంది. మార్చకు. జీతాన్ని ముప్ఫైతో భాగించు. 120 దినార్లయితే రోజుకి నాలుగు. ఏది కొన్నా, నా రోజులో ఎన్నో వంతు అని చూసుకో. పావు దినారు నీళ్లు నీ రోజులో పదహారో వంతు. హాయిగా కొనుక్కుని తాగు.

ఇల్లు వదిలి ఉండలేదన్నావు. బెంగ వస్తుంది, అందరికీ వచ్చిందే. అప్పు తీరాక తీరిగ్గా పడుదువుగాని, అప్పటికి పోతుంది కూడాను.

ఆవకాయ తెచ్చుకో, బరువు మాత్రం ఇంట్లోనే తూయించు, ఎక్కువైన కిలోలకి విమానంవాళ్లకి కట్టే డబ్బుతో ఇక్కడ రెండు వారాల కూరలొస్తాయి. కోడికూర మసాలా పొడి కడితే గసగసాలు వెయ్యొద్దని అమ్మకి గట్టిగా చెప్పు. ఇక్కడ గసగసాలు నిషేధం, కూరలోకని చెబితే ఎవరూ వినరు. గుట్కా అంతే. మందులుంటే డాక్టరు చీటీతో సహా తెచ్చుకో.

ఇంకొకటి. టికెట్టు కంపెనీయే తీస్తే సరే. నువ్వే తీసుకునేదైతే గురువారం రాత్రి దిగకు. శుక్ర, శనివారాలు ఆఫీసులకి సెలవు, నీ కాయితం ఒక్కటీ కదలదు, మెస్సు డబ్బు మాత్రం కదులుతుంది. శనివారం రాత్రికి దిగేలా చూసుకో. టికెట్టు రెండు మూడొందల రూపాయలు ఎక్కువున్నా, రెండు రోజుల తిండి తీసేస్తే అదే చవక.