బానిసలు, వలస, తెగ: ఆఫ్రికా గురించి రాసేటప్పుడు

సందేహం: ఆఫ్రికా చరిత్ర మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 'బానిసలు' అనకూడదు, 'బానిసలుగా చేయబడినవారు' అనాలని స్నేహితురాలు దిద్దింది. నాకది తెలుగులా వినిపించడం లేదు. 'వలస పాలన' అని రాస్తే, వలస వెళ్లినవాళ్ల పాలనా అని మా అమ్మాయి అడిగింది. ఈ రెండు వాక్యాలు కూడా చూసిపెట్టండి: "1884లో బెర్లిన్‌లో ఆఫ్రికా ఖండం విభజించబడింది. తెగల మధ్య కలహాల వల్ల ఆ దేశాలు వెనకబడిపోయాయి."
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ స్నేహితురాలి ఉద్దేశం మంచిదే, దిద్దిన తీరే బాగాలేదు. 'బానిస' అని ఊరుకుంటే అదేదో ఒక రకం మనుషుల పేరులా ఉంటుంది. ఎవరో బలవంతాన తెచ్చిపెట్టిన స్థితి అని తెలియదు. ఇంగ్లీషులో రాసేవాళ్లు ఈమధ్య 'స్లేవ్స్' మాని 'ఎన్‌స్లేవ్డ్ పీపుల్' అంటున్నది అందుకే. మన మాటకి ఇంకో మకిలి కూడా అంటింది. "తాగుడికి బానిసయ్యాడు", "సెల్‌ఫోనుకి బానిస" అని రోజూ పేపర్లో చూస్తాం. అక్కడ తప్పంతా ఆ బానిసదే. ఆ వాసన ఆఫ్రికా చరిత్రలోకి రాకూడదు.

అయితే 'చేయబడిన' అనగానే చేసినవాడు మాయమైపోతాడు. "అన్నం తినబడింది" అని మన ఇళ్లలో ఎవరూ అనరు. తెలుగు వాక్యం కర్తను అడుగుతుంది. "బానిసలను చేశారు" అని రాసి చూడండి, వెంటనే "ఎవరు?" అని వస్తుంది. జవాబు రాయక తప్పదు. దహోమీ (నేటి బెనిన్ దేశంలోని పాత రాజ్యం) రాజులు పొరుగు ఊళ్ల మీద పడి మనుషుల్ని పట్టుకున్నారు. అక్కడి వీదా రేవులో పోర్చుగీసు, ఫ్రెంచి, బ్రిటిష్ వర్తకులు తుపాకులు, సారా, గవ్వలు, బట్టలు ఇచ్చి వాళ్లను కొన్నారు. (ఆ బట్టల్లో మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన నూలుగుడ్డలూ ఉన్నాయి.) కర్తరి వాక్యంలో పట్టుకున్నవాడూ దాక్కోలేడు, కొన్నవాడూ దాక్కోలేడు.

ఇక ఏ దశలో ఏ మాట అన్నది. పట్టుబడి, నేటి ఘానా తీరంలోని ఎల్మీనా లాంటి కోటల నేలమాళిగల్లో ఓడ కోసం పడి ఉన్నప్పుడు అతను బందీ. ఓడలోనూ బందీయే. వేలంలో అమ్ముడుపోయాక, చట్టం అతన్ని ఒకరి ఆస్తిగా రాసుకున్నాక బానిస. "బానిసలతో ఓడ బయల్దేరింది" అనే వాక్యం ఓడ యజమాని లెక్కల పుస్తకంలోంచి వచ్చింది. "బందీలతో బయల్దేరింది" అనండి. చరిత్రకారుల అంచనాలో అట్లాంటిక్ మీదికి ఓడలెక్కించినవాళ్లు సుమారు 1.25 కోట్లు, అవతలి ఒడ్డున, అమెరికా ఖండాల్లో దిగినవాళ్లు సుమారు 1.07 కోట్లు. తేడా 18 లక్షలు. వాళ్లలో ఒక్కరు కూడా తోటల్లో బానిసలు కాలేదు, బందీలుగానే చనిపోయారు. ఒకే మాట వాడితే ఈ తేడా కనబడదు.

అవతలి ఒడ్డున పుట్టిన పిల్లల సంగతి వేరు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని అమెరికాలో అప్పటి ఇంగ్లీషు వలస ప్రాంతం వర్జీనియా 1662లో చట్టం రాసింది. తండ్రి యజమానే అయినా సరే. వీళ్లను ఎవరూ వేటాడి పట్టలేదు. "చట్టం బానిసలుగా పుట్టించినవారు" అనవచ్చు.

'బానిసత్వం' వ్యాకరణం ప్రకారం దుష్టమే. బానిస తెలుగు మాట, 'త్వం' సంస్కృత ప్రత్యయం, 'బానిసతనం' అనాలి. కానీ ఈ మాట స్థిరపడి చాలా కాలమైంది, నేను దిద్దను. నేను దిద్దే మాట ఇంకోటుంది: "1833లో బ్రిటన్ బానిసలకు విముక్తి ప్రసాదించింది, పరిహారం చెల్లించింది." ప్రసాదించేది దేవుడు. ఇక పరిహారం అంటే తెలుగువాళ్లు నష్టపోయినవాడికి ఇచ్చేదనుకుంటారు. ఆ 2 కోట్ల పౌండ్లు అందుకున్నది యజమానులు. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు సరికదా, చాలామంది 'శిక్షణ' పేరుతో 1838 దాకా అదే యజమాని దగ్గర ఊరికే పనిచేశారు. ఆ చెల్లింపు కోసం చేసిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. హైతీలో ఇంకా విడ్డూరం. తిరగబడి 1804లో స్వతంత్రులైనవాళ్ల దగ్గరే, 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది. తరవాత 9 కోట్లకు తగ్గించింది. దాని తాలూకు అప్పులు 1947 దాకా నడిచాయి. కాబట్టి 'పరిహారం' రాసిన ప్రతిచోటా ఎవరు, ఎవరికి అన్నది పక్కనే ఉండాలి.

మీ అమ్మాయి ప్రశ్న చాలా మంచిది. తెలుగులో వలస అంటే కరువుకో యుద్ధానికో పిల్లాజెల్లాతో ఊరొదిలి పోవడం. 'కాలనీ' అందామంటే అది మన వీధి చివర టీచర్స్ కాలనీ అయిపోయింది. అందుకని పరాయి రాజ్యం పాలించే దేశానికి 'వలస' అతుక్కుంది. 'పాలన' తోడుంటే ఇబ్బంది లేదు. 'వలస ప్రజలు', 'వలస బాధితులు' అంటేనే బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీలు గుర్తొస్తారు. 'వలసానంతర' మరీ కృతకం. "వలస పాలన పోయాక" అంటే చాలు.

ఇంకో సూక్ష్మం. ఈ మాట కెన్యాకి, అల్జీరియాకి, దక్షిణాఫ్రికాకి అక్షరాలా సరిపోతుంది. అక్కడ ఐరోపావాళ్లు నిజంగానే వచ్చి స్థిరపడి భూములు లాక్కున్నారు. దక్షిణాఫ్రికాలో 1913 చట్టం నల్లవారికి మిగిల్చింది దేశంలో సుమారు 7 శాతం నేల, 1936లో దాన్ని 13 శాతానికి పెంచారు. అక్కడి భూమి తగాదా ఇంకా తెగలేదు. నైజీరియాలో అలా కాదు. వచ్చినవాళ్లు కొద్దిమంది అధికారులు, వర్తకులు. స్థానిక ప్రభువుల చేతే పన్ను వసూలు చేయించారు. అక్కడ 'బ్రిటిష్ పాలన' అనండి.

'తెగ' దగ్గర గట్టిగా ఆపుతాను. మనకి తెగ అంటే చెంచులు, సవరలు. కోటి మంది స్వీడన్‌వాళ్లను జాతి అంటూ, 4 కోట్లు దాటిన నైజీరియా ప్రాంతపు యోరుబాలను తెగ అనడానికి కారణం ఏమిటి? రువాండాను చూడండి. హుటూ, టుట్సీలది ఒకే భాష, ఒకే మతం, ఒకే ఊళ్లు. పశువులు, రాజకొలువు, హోదాలను బట్టి వచ్చిన పేర్లవి, కొంతవరకు మారేవి కూడా. 1930లలో బెల్జియం అధికారులు గుర్తింపు కార్డులో వాటికొక గడి పెట్టి, మారకుండా బిగించేశారు. 1994లో టుట్సీల మారణహోమంలో రోడ్ల మీద మనుషుల్ని ఆపి చంపినవాళ్లు చూసింది ఆ గడినే. దాన్ని 'తెగల పోరు' అని రాస్తే ఆ కార్డు కథ పోతుంది. 'ప్రజలు', 'జాతి' అనండి, లేదా ఉత్త పేరు రాయండి: యోరుబాలు, ఇగ్బోలు.

ఇరుగుపొరుగు మధ్య అపనమ్మకం అసలు లేదని కాదు. దానికీ చరిత్ర ఉంది. ఎక్కువమందిని బానిసలుగా పోగొట్టుకున్న సమూహాల్లో ఈనాటికీ పొరుగువాడి మీదా, చుట్టం మీదా నమ్మకం తక్కువని ఆర్థికవేత్తలు నేథన్ నన్, లియొనార్డ్ వాంచెకాన్ 2011లో సర్వే లెక్కలతో చూపారు. అప్పట్లో మనిషిని పట్టిచ్చింది చాలాసార్లు తెలిసినవాడే.

మీ మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: "1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా 14 రాజ్యాల ప్రతినిధులు బెర్లిన్‌లో కూర్చుని, ఆఫ్రికా నేలను తమదని చెప్పుకోవడానికి నియమాలు రాసుకున్నారు. ఆఫ్రికా నుంచి ఒక్కరినీ పిలవలేదు." సరిహద్దులు చాలావరకు ఆ తరవాతి ఒప్పందాల్లో గీసినవి. ఎవే భాష మాట్లాడేవాళ్లు నేటి ఘానాలో కొందరు, టోగోలో కొందరు అయింది వాటివల్లే.

రెండో వాక్యంలో 'వెనకబడు' అకర్మకం, నడిచేవాడి నీరసమే అందులో కనిపిస్తుంది. 'వెనక్కి నెట్టు' వాడండి, ఒక దేశం పేరు చెప్పండి. ఉదాహరణకి: "బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఏలుబడి, ఆపైన బెల్జియం పాలన కలిపి 75 ఏళ్లు సాగాయి. 1960లో వాళ్లు వెళ్లిపోయేనాటికి కాంగోలో 30 మంది పట్టభద్రుల్ని కూడా తయారుకానివ్వలేదు."