లైప్‌జిగ్‌లో నన్ను ‘మీరు’ అన్న పెద్దావిడ

ప్రశ్న: యూరప్‌లో చదువుకోవడానికి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడి సంస్కృతిలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఏది?

ఆదివారం షాపులు మూసేస్తారని, ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ తిరిగిస్తే 25 సెంట్లు చేతికొస్తాయని, రాత్రి పదయ్యాక వాషింగ్ మెషీన్ వేస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారని మీరు ఈపాటికే వీడియోల్లో చూసేసుంటారు. వాటికి నెల రోజుల్లో అలవాటు పడిపోతాం. నాకు ఇరవై నెలలు పట్టిన సంగతి ఒకటుంది, దాని గురించి వీడియో నాకెక్కడా కనపడలేదు. ‘మీరు’ అనే మాట సంగతి అది.

మాది ఖమ్మం. 2022 అక్టోబర్‌లో మాస్టర్స్ కోసం జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లాను. వెళ్లే ముందు హైదరాబాద్‌లో జర్మన్ కోచింగ్ తీసుకున్నాను. అక్కడ సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు: ‘డూ అంటే నువ్వు, జీ అంటే మీరు. మనకున్నట్టే. పెద్దవాళ్లని జీ అనండి, చిన్నవాళ్లని డూ అనండి.’ ఇంగ్లిష్‌లో లేనిది మనకూ వాళ్లకూ ఉందని మురిసిపోయాను. కానీ ఆయన చెప్పింది సగం తప్పు. ఈ కోచింగ్ సెంటర్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. సర్టిఫికెట్‌కు కావాల్సిన నాలుగు పేజీలు బట్టీ పట్టిస్తారు. ఆ భాషలో ఒక మనిషిని ఎలా పలకరించాలో మాత్రం చెప్పరు.

నేను అద్దెకున్నది లిఫ్ట్ లేని నాలుగంతస్తుల పాత బిల్డింగ్. అక్కడ ఫ్లాట్ నంబర్లుండవు. కింద కాలింగ్ బెల్ పక్కన, పోస్ట్ డబ్బా మీద ఇంటిపేరు ఉంటుంది, అంతే. డబ్బా మీద మీ పేరు లేకపోతే మీకొచ్చిన ఉత్తరం వెనక్కి పోతుంది. నాకు రావాల్సిన ఉత్తరం ఒకటి అలాగే పోయింది. ఏం చేయాలో తెలియక డబ్బాల ముందు నిలబడి ఉంటే, రెండో అంతస్తు పెద్దావిడ చూసి, పైకి వెళ్లి, చీటీ మీద నా ఇంటిపేరు గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చి టేపుతో అతికించారు. ఆ రోజు నుంచి నేను ఆవిడకు ‘ఫ్రౌ’ ఫలానా, అంటే ఇంటిపేరుతో ఫలానా గారు అన్నట్టు. మన దగ్గర ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు? స్కూల్ రిజిస్టర్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పెళ్లి పత్రికలో ఒకసారి కనిపిస్తుంది. ఇరవై మూడేళ్లొచ్చాక మొదటిసారి నా ఇంటిపేరు ఒకరి నోటి వెంట విన్నాను.

అంతకన్నా వింత ఏమిటంటే ఆవిడ నన్ను ‘జీ’ అనేవారు. అంటే మీరు. ఆవిడకు డెబ్భై మూడేళ్లు, మా అమ్మమ్మ కంటే రెండేళ్లే చిన్న. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ‘మీరు బాగున్నారా’, ‘ఈ వారం మెట్లు కడిగే వంతు మీది, గుర్తుందా’ అని అడుగుతుంటే నా ప్రాణం ఇబ్బంది పడేది. మన దగ్గర పెద్దవాళ్లు మీరు అంటే ఆయుక్షీణం అంటారు కదా. ఒక రోజు ఉండబట్టలేక ‘దయచేసి నన్ను డూ అనండి’ అని చెప్పేశాను. ఆవిడ నవ్వి, మళ్లీ జీ అనే జవాబిచ్చారు. నేను చిన్నబుచ్చుకున్నాను. జర్మన్లు అంటీముట్టనట్టు ఉంటారని మనవాళ్లు అనేది నిజమేననుకున్నాను. డూ అనమని చిన్నవాళ్లు పెద్దవాళ్లను అడగకూడదని, పెద్దవాళ్లే ముందుగా ఇవ్వాలని నాకప్పటికి తెలీదు.

తర్వాత చెవులు తెరుచుకున్నాయి. మా డిపార్ట్‌మెంట్‌లో సాయంత్రాలు చెత్తబుట్టలు ఖాళీ చేయడానికి వచ్చే ఒకావిడతో ప్రొఫెసర్ ‘జీ’ అని మాట్లాడతాడు, ఆవిడా ఆయన్ని ‘జీ’ అంటుంది. బస్సులో టికెట్ చూసేవాడు, బేకరీలో రొట్టెలమ్మే అమ్మాయి, బ్యాంకులో మేనేజర్ అందరూ జీ. విద్యార్థులం మాలో మేము మొదటి రోజు నుంచే డూ. మాట రెండు వైపులా ఒకేలా నడుస్తుంది. నేను నిన్ను నువ్వు అంటే నువ్వూ నన్ను నువ్వు అంటావు. చిన్నపిల్లలను వదిలేస్తే, పెద్దవాళ్లలో ఒకరు మీరు, ఇంకొకరు నువ్వు అనుకోవడం నేను ఒక్కసారి కూడా వినలేదు. మనకున్నట్టే అన్న సార్ గారికి తెలియంది ఇదే.

2023 వసంతంలో ఆవిడ మోకాళ్లు నొప్పులని, తన తోటకు మట్టి బస్తాలు మోయడానికి సాయం రాగలరా అని అడిగారు. లైప్‌జిగ్ వాళ్లకు తోటలంటే ప్రాణం. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు ఊళ్లోనే చిన్న నేల ముక్క గుత్తకు తీసుకుని కూరగాయలు పండించుకుంటారు. వీటిని ష్రేబర్ తోటలనడం ఈ ఊళ్లోనే మొదలైంది. ష్రేబర్ ఇక్కడి డాక్టర్. ఆయన పోయాక 1864లో హౌషిల్ట్ అనే హెడ్మాస్టర్ పిల్లల ఆటస్థలం కోసం ఒక సంఘం పెట్టి దానికి ఆయన పేరు పెట్టారు. ఆటస్థలం పక్కన పిల్లల కోసం మడులు వేశారు. పిల్లలకు కలుపు తీసే ఓపిక ఎక్కడిది? మడులు తల్లిదండ్రుల చేతికొచ్చాయి, అవే తోటలయ్యాయి. 1983 చట్టం ప్రకారం తోట 400 చదరపు మీటర్లు మించకూడదు, మన లెక్కలో దాదాపు 480 గజాలన్నమాట. లోపల చెక్కగది 24 చదరపు మీటర్లు మించకూడదు, అందులో కాపురం పెట్టకూడదు. మూడో వంతు నేలలో కూరగాయలో పండ్లో ఉండి తీరాలి. గడ్డి పెంచి కుర్చీ వేసుకుంటానంటే సంఘం వాళ్లు ఊరుకోరు.

ఐసెన్‌బాన్ వీధిలో ఇండియన్ సరుకులు కొన్నప్పుడు మెంతులు ఎక్కువ తెచ్చి ఒక మడిలో చల్లాను. వారంలో మొలిచింది. ఆవిడ ఆకు తుంచి నమిలి మొహం చిట్లించారు కానీ, మూడో వంతు లెక్కలో పనికొస్తుందని ఉంచేశారు. ఆ ఏడాదంతా శనివారాలు ఆ తోటలోనే. మాటలన్నీ జీలతోనే.

2024 జూన్‌లో ఒక శనివారం సాయంత్రం ఆవిడ ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుని, ఎల్డర్ పూలతో తనే కాచిన షర్బత్ రెండు చిన్న గ్లాసుల్లో పోసి, లేచి నిలబడ్డారు. ‘నేను పెద్దదాన్ని కాబట్టి నేనే అడగాలి. మనం ఇక నుంచి డూ అనుకుందామా?’ అని చెయ్యి చాపి తన పేరు చెప్పారు. ఫ్రౌ ఫలానా అని కాకుండా, వాళ్లమ్మ పెట్టిన పేరు. ఇరవై నెలల్లో ఆ పేరు వినడం అదే మొదలు, దాన్ని ఇక్కడ రాయను. నేనూ నా పేరు చెప్పాను. గ్లాసులు తాకించాం. నాకు కన్నీళ్లు ఆగలేదు. డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కూడా నేను ఏడవలేదు.

ఇంతకాలం ఎందుకు ఆగారని అడిగితే చెప్పుకొచ్చారు. ఆవిడ పదిహేడేళ్లప్పుడు అక్కడి పత్తి మిల్లులో చేరారు. 1884లో పెట్టిన పెద్ద మిల్లు అది, ఇప్పుడు అందులో చిత్రకారుల స్టూడియోలు, గ్యాలరీలు ఉన్నాయి. మాది పత్తి పండే జిల్లా అని నేను ముందెప్పుడో చెప్పినప్పుడు, పింజ పొడవు చూసేవాళ్లు లాగుతారే, అలా వేళ్లు కలిపి లాగి చూపించారు. మిల్లులో తోటి ఆడవాళ్లతో డూ అంటే ఆవిడకు ఇష్టమే. కానీ అది కమ్యూనిస్టుల పాలనలోని తూర్పు జర్మనీ, పార్టీ వాళ్లు కామ్రేడ్, కామ్రేడ్ అంటూ ఒకరినొకరు డూ అనుకునే కాలం. పార్టీలో చేరని తన దగ్గరికి కూడా ఒకడు వచ్చి, అడక్కుండా డూ అని భుజం తట్టేవాడట. ‘ఆ మాట నేను ఇవ్వాలి, వాడు తీసుకోకూడదు’ అన్నారు. 1989 అక్టోబర్ 9న ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా లైప్‌జిగ్ రింగ్ రోడ్డు మీద 70 వేల మంది నడిచారే, ఆ నడిచినవాళ్లలో ఆవిడా ఉన్నారు. పోలీసులు కాలుస్తారేమోనని భయపడుతూ, ముక్కూ మొహం తెలియనివాళ్లు చేతులు పట్టుకుని డూ అనుకున్నారట. ఆ ఒక్క రాత్రికి ఎవరూ ఎవరినీ అడగలేదన్నారు.

సరే, ఆవిడ ఇచ్చారు, నాకు నోరు రావాలి కదా. డెబ్భై దాటిన మనిషిని నువ్వు అనడానికి నాలుక తిరగలేదు. వాక్యాలన్నీ డూ లేకుండా కట్టుకుని మాట్లాడేదాన్ని. రెండు వారాలు చూసి ఆవిడ అడిగారు: ‘మీ అమ్మమ్మను ఏమంటావు?’ నువ్వనే అంటాను. అమ్మను నువ్వంటాను. దేవుణ్ని కూడా నువ్వనే అంటాం, వెంకన్నకు ‘మీరే దిక్కు’ అని మొక్కినవాళ్లను నేను చూడలేదు. జర్మన్లూ అంతే, అమ్మ, అమ్మమ్మ, దేవుడు అందరూ డూ. ఆ పూట నోరు విడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఖమ్మంలోనూ, ఇంకా వరంగల్, కరీంనగర్ వైపూ పెద్దవాళ్లను నువ్వు అనడం మామూలే, అందులో ప్రేమే తప్ప అగౌరవం లేదు. విజయవాడ నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఇది పట్టుకుని ‘మీ వాళ్లకు మర్యాద తెలీదు’ అంది. మూడు రోజులు నేను దాంతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మాటకు నేను ఒప్పుకోను. రెండు వైపులా నడిచే నువ్వు తీపిగానే ఉంటుంది. ఒక వైపే నడిచే నువ్వుతోనే నా గొడవంతా.

2024 డిసెంబర్‌లో ఇంటికొచ్చాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు అరవై దాటాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా ఆయన్ని ‘ఏయ్, నువ్వు గేటు తియ్యి’ అంటారు. ఆయన అందరినీ సార్, మేడమ్, మీరు అంటాడు. ఇదంతా నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే, కానీ ఆ డిసెంబర్‌లో చెవిలో ముల్లులా గుచ్చుకుంది. మొదటి రోజు ‘మీరు భోజనం చేశారా?’ అని అడిగితే, ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూశాడు. మా పిన్ని ‘జర్మనీ వెళ్లొచ్చి మాకు మర్యాదలు నేర్పుతున్నావా?’ అని విసుక్కుంది. అవును పిన్నీ, నేర్పుతున్నాను. అంట్లు తోమే ఆవిడ నీకంటే పెద్దది, ఆవిడ నిన్ను మీరు అంటుంటే నువ్వు ఆవిడను నువ్వనడం నాకిప్పుడు వినబుద్ధి కావట్లేదు. చూశారా, పైన నేను కూడా వాచ్‌మన్ గురించి ‘అంటాడు’, ‘చూశాడు’ అనే రాశాను, లైప్‌జిగ్ ఆవిడకేమో ‘అన్నారు’. చదువుకుంటుంటే కనపడింది. దిద్దకుండా వదిలేస్తున్నాను, ఎంత లోపలికి ఉందో మీకూ తెలియాలి.

మీరు యూరప్ వెళ్లేవాళ్లయితే ఒకటే చెప్తాను. తెలుగువాళ్లంతా ఒకే ఫ్లాట్‌లో పదిమంది సర్దుకుని, వంతులవారీగా పప్పుచారు కాచుకుని, రెండేళ్ల తర్వాత ‘ఇక్కడివాళ్లు మనతో కలవరు’ అని రాయకండి. మెట్లు కడగండి. పోస్ట్ డబ్బా మీద పేరు అతికించండి. ఎవరైనా డూ ఇస్తే తీసుకోండి, మీరుగా అడగకండి.

మా అన్నయ్య కొడుక్కి ఏడేళ్లు. వీడియో కాల్‌లో వాడికి ఇదే చెప్తున్నాను, వాచ్‌మన్ తాతను మీరు అనాలి నాన్నా అని. పోయిన ఆదివారం వాడు అడిగాడు: ‘మరి ఆయన నన్ను మీరు అంటాడెందుకత్తా? నేను చిన్నోణ్ని కదా?’