సంతకం పక్కనున్న మెలిక

తమ్ముడూ,

ముస్లిం మహిళల హక్కుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో ఐక్యరాజ్యసమితి, చివరి పేరాలో ‘ముస్లిం మహిళ’ కన్నీళ్లు. ఆవిడది ఏ ఊరో, నెలకు ఎంతలో ఇల్లు నడుపుతుందో ఎక్కడా లేదు.

మహిళలపై వివక్ష పోవాలని 1979లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చిందని రాసి వదిలేశావు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. చాలా దేశాలు సంతకం పెడుతూనే, ఫలానా అంశానికి మాత్రం కట్టుబడమని ఒక మెలికా పెట్టాయి. పెళ్లి, కుటుంబం గురించి చెప్పే 16వ అధికరణం మీద ఆ మెలికలు మరీ ఎక్కువ. మన దేశం 1993లో ఆమోదిస్తూ, ఏ వర్గం సొంత వ్యవహారాల్లోనూ ఆ వర్గం చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమంది. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగు. వర్గం అంటే ఎవరు? అందులో సగం ఆడవాళ్లే కదా, వాళ్ల సమ్మతి ఎవరడిగారు?

అఫ్గానిస్తాన్ అయితే 2003లో ఏ మెలికా లేకుండా ఒప్పుకుంది. 2021లో తాలిబన్లు తిరిగొచ్చి ఆడపిల్లలకు హైస్కూళ్లు, మరుసటి ఏడాది యూనివర్సిటీలు మూసేశారు. ఆ పాత సంతకాన్ని పట్టుకునే 2024లో ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, నెదర్లాండ్స్ అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్తామన్నాయి. పిల్లలు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉన్నారు. రెండూ రాయి.

నీ వ్యాసంలో ‘ఉద్ధరించడం’ అన్న మాట కొట్టేశాను, ఏమనుకోకు. 2009లో కౌలాలంపూర్‌లో, కుటుంబంలో సమానత్వం కోసం ‘ముసావా’ ఉద్యమం మొదలుపెట్టింది ముస్లిం స్త్రీలే. ఫిఖ్, అంటే ఇస్లామిక్ న్యాయశాస్త్రం, మనుషులు రాసుకున్నదే, మార్చుకోవచ్చు అన్నది వాళ్ల వాదన. తమ దేశాల కుటుంబ చట్టాల మీద ఈ ఒప్పందం అమలును చూసే ఐరాస కమిటీకి నివేదికలు పంపేదీ వాళ్లే.

నేనూ నీలాగే తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కోర్టు వరండాలో ఒకావిడను చూశాను. నిఖానామాను, అంటే పెళ్లి ఒప్పంద పత్రాన్ని, బ్రెడ్డు కవర్లో చుట్టి పట్టుకుంది. పెళ్లిలో భర్త ఇస్తానని రాసిన సొమ్ము, మెహర్ అంకె దగ్గర మడత పడి కాగితం చిరుగుతోంది. ‘కన్నీరుమున్నీరైంది’ అని రాశాను. నిజానికి ఆవిడ ఏడవనే లేదు, జిరాక్స్ షాపు ఎన్నింటికి తీస్తారని అడిగింది.

2024 జులై 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చంది. కింది కోర్టు నెలకు 20 వేలంటే, హైకోర్టు 10 వేలకు తగ్గించిన కేసది. ఐక్యరాజ్యసమితి నుంచి మొదలుపెట్టిన వ్యాసం ఆ 10 వేల దగ్గరికి రావాలి.

ఈసారి ఫ్యామిలీ కోర్టుకు వెళ్లి, ఆర్డరు వచ్చినవాళ్లకు ఎన్ని నెలల డబ్బు చేతికందిందో కనుక్కో. పొద్దున్నే వెళ్లు. పదకొండు దాటితే ఇక వకీళ్లే మాట్లాడతారు.

మీ అన్న