హైదరాబాద్ పాతబస్తీలో మా పాత ఇల్లు ఎవరు కట్టారో, ఎన్ని చేతులు మారిందో ఎలా తెలుసుకోవాలి? ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే చాలదా?

చాలదు. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ 1983 నుంచే. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. ఇప్పటి ఇంటి నంబరుతో అక్కడ పని జరగదు, నంబర్లు మారిపోయాయి. నాలుగు హద్దులు, పాత యజమాని పేరు రాసుకెళ్లండి.

ఉర్దూ దస్తావేజుల్లో చాలామంది పొరబడేది తేదీ దగ్గరే. 1340 అని ఉందనుకోండి. నిజాం రాజ్యపు ఫసలీ, అంటే అప్పటి సర్కారు లెక్కల సంవత్సరం అయితే 590 కలపాలి, 1930 అక్టోబరులో మొదలైన ఏడాది అవుతుంది. ఇస్లామిక్ కేలెండరైన హిజ్రీ అయితే 1921-22. తొమ్మిదేళ్ల తేడా! నెల పేరు చూడండి: ఆజర్, దై, బహమన్ అని ఉంటే ఫసలీ, మొహర్రం, సఫర్, రజబ్ అని ఉంటే హిజ్రీ.

ఈసీకి అందనిది హిబా, అంటే దానం. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చి స్వాధీనం చేస్తే ఆ దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అందుకే అమ్మినవాడి పేరు ముందు దస్తావేజులో ఎక్కడా కనిపించదు. దాన్ని వెంటనే మోసం అనుకోకండి. వారసుల వరుస, పాత పన్ను రసీదులు చూడండి. ఇల్లు వక్ఫ్ (మత, ధార్మిక పనులకు రాసిచ్చిన) ఆస్తుల జాబితాలో ఉందేమో వక్ఫ్ గెజెట్ కూడా తప్పకుండా చూడాలి.

ఇల్లు కూడా సాక్ష్యం చెబుతుంది. హైదరాబాద్‌లోని కింగ్ కోఠి ప్యాలెస్‌నే చూడండి. దాన్ని మొదట కట్టుకున్న కమాల్ ఖాన్ అనే ఆయన తన ఇంటి తలుపులు, కిటికీల మీద ‘కె.కె.’ అని చెక్కించుకున్నాడట. ఇల్లు నిజాం చేతికి వచ్చాక ఆ అక్షరాలకు సరిపోయేలా కింగ్ కోఠి అని పేరు పెట్టారంటారు. మీ ఇంట్లోనూ గుమ్మాలు, ఇనుప గర్డర్ల మీది ముద్రలు రంగు గీకి చూడండి.

అలాగే గోడ మీది రంగు గీకితే అది సున్నందా సిమెంటుదా తెలుస్తుంది. సున్నపు గోడకు సిమెంటు పూయడం ఈ నగరంలో పాత ఇళ్లకు జరుగుతున్న అతి పెద్ద అన్యాయం. నేల తేమ బయటికి పోయే దారి లేక పైకి పాకుతుంది, ఉప్పు పొంగి పూత పెచ్చులూడుతుంది. మద్రాసు మిద్దె (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాత కప్పు) కారుతోందని పైన రెండంగుళాల కాంక్రీటు పోస్తే ఇంకా ప్రమాదం: బరువు పెరుగుతుంది, లోపలి చెమ్మ ఆరదు, గోడలోకి దూరిన టేకు దూలాల కొసలు కుళ్లిపోతాయి. పైకి దూలం నిక్షేపంగానే కనిపిస్తుంది. గోడను ఆనుకున్న చోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. మెత్తగా దిగితే ముందు ఆ దూలానికి కింద పోటు పెట్టించి, ఆ తర్వాతే కాగితాల పని చూసుకోండి.