మీ ప్రశ్నలు – మా జవాబులు: తాత పెట్టిన కొట్టు, చెమ్మ పట్టిన గోడ

ప్రశ్న: హైదరాబాద్ సుల్తాన్ బజార్ సందులో మా తాతగారు పెట్టిన బట్టల కొట్టు మాది. కింద వ్యాపారం, పైన ఇల్లు. మందపాటి రాతి గోడలు, నేలకి షాబాద్ బండలు, పైకప్పుకి ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు. మూడేళ్ల కిందట సిమెంటు పూత వేయించాం, ఇప్పుడది మోకాలెత్తు వరకు ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది, కింది అరల్లో చీరలకు చెమ్మ తగులుతోంది. మేస్త్రీ మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోమంటున్నాడు, తమ్ముడిదీ అదే మాట. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు: పడగొట్టకండి. మీ గోడ బాగానే ఉండి ఉంటుంది, ఇబ్బంది దాని మీద వేసిన సిమెంటుతోనే. ఆ కాలం గోడలు డంగు సున్నంతో కట్టినవి, నేలలోంచి కాస్త చెమ్మ పీల్చుకున్నా సున్నం పూతలోంచి బయటికి వదిలేసేవి. మీరు సిమెంటు వేసి ఆ దారి మూసేశారు కాబట్టి లోపలి తడి, దానితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుపోయి దాన్ని బయటికి తోస్తున్నాయి. ఊడిన చోట గోరుతో గీకి చూడండి, తెల్లటి పొడి రాలితే అది ఉప్పే.

ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి, డాబా మీది నీళ్ల గొట్టం పగిలిందా, వీధి కాలువ గోడకి ఆనుకుని పారుతోందా. అది బాగుచేయించాక సిమెంటు చెక్కించేసి, ఒక ఎండాకాలమంతా గోడని ఆరనివ్వండి, తొందరపడొద్దు. తర్వాత సున్నం పూత వేయించండి. సున్నాన్ని బాగా నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగాడించి, బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి చేసే పని అది, తెలిసిన పనివాళ్లు తక్కువే గానీ పాతబస్తీలో వెతికితే దొరుకుతారు. దాని మీద మళ్లీ ప్లాస్టిక్ పెయింట్ కొట్టించారంటే మొదటికే వస్తుంది, వెల్ల వేయించండి చాలు. గర్డర్లు తుప్పు పట్టాయేమో మాత్రం పాత కట్టడాల మీద పనిచేసిన ఇంజినీరుకే చూపించండి, ఇందులో మేస్త్రీ అంచనా సరిపోదు.

ఇంకో సంగతి. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది, మీ భవనం రక్షిత జాబితాలో ఉందేమో పురావస్తు శాఖలో కనుక్కోకుండా గునపం పట్టకండి.

తమ్ముడికి మొజంజాహీ మార్కెట్ చూపించండి. 1935 నాటి రాతి కట్టడం, పాడైపోయిన దాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు, ఈ రోజుకీ జనం అక్కడ ఐస్‌క్రీం తింటూ నిలబడతారు. అదే ఏడాది జూలైలో వాననీళ్లు చేరి ఉస్మానియా ఆస్పత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు, ఆ గుమ్మటాలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మనిషి మసలని భవనం ఎంత గట్టిదైనా నిలవదు, ఏ మూల కారుతోందో చూసేవాడుండడు కదా. మీ కొట్టుకి ఆ గతి పట్టలేదు, పొద్దున్నే షట్టర్ ఎత్తే చేయి ఉంది.

ప్రశ్న: ఆబిడ్స్ అన్న పేరు ఎలా వచ్చింది? – ఇంటర్ విద్యార్థిని

జవాబు: ఒక కొట్టు వల్లే తల్లీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం ఇప్పుడు లేదు, బస్సు కండక్టర్లు మాత్రం రోజూ ఆయన పేరు అరుస్తూనే ఉన్నారు. ఈసారి అటు వెళితే సుల్తాన్ బజార్ దాకా నడువు, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది. లోపలికి వెళ్లి కాసేపు కూర్చుని ఏదైనా చదువుకుని రా.